బటన్ మీద 2131886108 వస్తోందా? ఆండ్రాయిడ్‌లో స్ట్రింగ్ రిసోర్సులు వాడే పద్ధతి

పోయిన దసరాకి ముందు ఒక శనివారం సాయంత్రం, బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ (డబ్బు కట్టి ఉండే హాస్టల్) కింద టీ తాగుతుంటే పైఫ్లోర్ తమ్ముడు ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకునే మెట్లు దిగి వచ్చాడు. ఇంజినీరింగ్ అయిపోయి ఆరు నెలలు, ఆండ్రాయిడ్ నేర్చుకుంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. రాత్రికి ఎంతమంది తింటారో ముందే తెలిస్తే అన్నం వృథా కాదని మా పీజీ మెస్ కోసం చిన్న యాప్ మొదలుపెట్టాడు. "అన్నా, పైన రాత్రి భోజనం అని రావాలి, దాని బదులు ఫోన్ నంబర్ లాంటిది వస్తోంది, నా కోడ్‌లో ఎంత వెతికినా ఈ నంబర్ ఎక్కడా లేదు" అన్నాడు. చూస్తే 2131886108.

213తో మొదలయ్యే పది అంకెల సంఖ్య స్క్రీన్ మీద కనిపిస్తే ఇక వేరే అనుమానం పెట్టుకోనక్కర్లేదు, అది రిసోర్స్ ఐడీ. మాట రావాల్సిన చోట ఆ మాట చిరునామా వచ్చి కూర్చుంది. ఆ సాయంత్రం వాడికి చెప్పినవీ, తర్వాత నాలుగు నెలల్లో ఆ యాప్ మా ఇద్దరికీ నేర్పినవీ ఇక్కడ రాస్తున్నాను. కోడ్ మాటల్ని పలికినట్టు తెలుగులో రాశాను, ఎడిటర్‌లో మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి.

ముందు ఆ నంబర్ సంగతి. తెర మీద చూపించే మాటల్ని కోడ్‌లో కాకుండా విడి ఫైల్లో దాచుకుంటాం, వాటినే స్ట్రింగ్ రిసోర్సులు అంటారు. మనం రెస్ ఫోల్డర్‌లో వ్యాల్యూస్ అనే ఫోల్డర్‌లోని స్ట్రింగ్స్.ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఒక పేరు పెట్టి ఒక మాట రాస్తాం. పేరు డిన్నర్_టైటిల్, మాట రాత్రి భోజనం అనుకోండి. బిల్డ్ జరిగేటప్పుడు ఆండ్రాయిడ్ టూల్స్ ఆ పేరుకి ఒక పూర్ణాంకం కేటాయించి, ఆర్ అనే క్లాస్‌లో పెడతాయి. అందుకే కోడ్‌లో ఆర్.స్ట్రింగ్.డిన్నర్_టైటిల్ అని రాస్తే చేతికొచ్చేది ఒక ఇంట్ మాత్రమే. 2131886108ని హెక్సాలో, అంటే పదహారు గుర్తులతో రాసే లెక్కలో, రాస్తే 0ఎక్స్7ఎఫ్12001సి అవుతుంది. అందులో మొదటి 7ఎఫ్ అంటే మన యాప్ సొంత ప్యాకేజీ అని అర్థం, తర్వాతి రెండు అంకెలు ఇది ఏ రకం రిసోర్స్ అనేది చెబుతాయి, చివరి నాలుగూ ఆ రకంలో దీని వరుస సంఖ్య. ఆండ్రాయిడ్ సిస్టమ్ సొంత రిసోర్సులకి 7ఎఫ్ బదులు 01 ఉంటుంది. ఓకే, క్యాన్సిల్ లాంటి మాటల్ని ఆండ్రాయిడ్.ఆర్.స్ట్రింగ్ నుంచి తీసుకున్నప్పుడు వచ్చే ఐడీలు అవే. మన ఐడీలు బిల్డ్‌కీ బిల్డ్‌కీ మారిపోవచ్చు. కొత్త స్ట్రింగ్ ఒకటి చేరిస్తే చాలు, వరుస జరుగుతుంది. కాబట్టి ఈ నంబర్‌ని డేటాబేస్‌లో దాచడం, సర్వర్‌కి పంపడం, షేర్డ్ ప్రిఫరెన్సెస్‌లో పెట్టడం ఎప్పుడూ చేయకండి. యాప్ అప్‌డేట్ అయిన రోజు అదే నంబర్ వేరే మాట చూపిస్తుంది, అసలు కారణం దొరకడానికి మీకు వారం పడుతుంది.

తమ్ముడు చేసింది ఏంటంటే, కోట్ల మధ్య డాలర్ బ్రాకెట్ పెట్టి ఆర్.స్ట్రింగ్.డిన్నర్_టైటిల్‌ని నేరుగా స్ట్రింగ్‌లోకి అతికించాడు. యాప్ రాసే భాష కాట్లిన్ దాన్ని మామూలు అంకెలాగే చూసి అంకెలాగే రాసింది, కంపైలర్‌కి అందులో తప్పేమీ కనిపించదు. గెట్‌స్ట్రింగ్ బ్రాకెట్లో ఆర్.స్ట్రింగ్.డిన్నర్_టైటిల్ అని మార్చగానే మాట వచ్చేసింది.

వాడు అంతటితో సంతోషపడి పైకి వెళ్లి, పది నిమిషాల్లో మళ్లీ దిగాడు. ఈసారి క్రాష్. రిసోర్సెస్.నాట్‌ఫౌండ్ ఎక్సెప్షన్, స్ట్రింగ్ రిసోర్స్ ఐడీ #0ఎక్స్ఇ అని. ఇది పాత జబ్బుకి తిరగేసిన రూపం. ఆ రోజు తినేవాళ్లు 14 మంది, ఆ 14ని సెట్‌టెక్స్ట్‌కి నేరుగా ఇచ్చాడు. టెక్స్ట్‌వ్యూలో సెట్‌టెక్స్ట్‌కి ఇంట్ ఇస్తే అది ఐడీ అనుకుని 14వ నంబర్ స్ట్రింగ్ కోసం వెతుకుతుంది, దొరకదు, పడిపోతుంది. 14కి హెక్సాలో ఇ, ఎర్రర్‌లో వచ్చింది అదే. ఇక మీదట ఈ ఎర్రర్ కనిపిస్తే ఆ హెక్సా అంకెని మామూలు అంకెలోకి మార్చి చూడండి, చిన్న అంకె వస్తే అది దాదాపు ఎప్పుడూ మీ డేటాలోని ఏదో ఒక సంఖ్యే అయి ఉంటుంది, ఏ లైన్‌లో తప్పు జరిగిందో వెంటనే దొరుకుతుంది.

ఈ రెండు తప్పుల నుంచి నేను పట్టుకున్న పద్ధతి ఒక్కటే: యాప్ లోపల ఎంతదూరమైనా ఐడీనే మోసుకెళ్లండి, దాన్ని మాటగా మార్చే పని స్క్రీన్ మీద పెట్టే చివరి క్షణంలోనే చేయండి. కింద చెప్పేవన్నీ దాదాపు ఈ ఒక్క పద్ధతి చుట్టూనే తిరుగుతాయి.

ఎక్కడ ఎలా అడగాలి

లేఅవుట్ ఫైల్లో అయితే టెక్స్ట్ ఆట్రిబ్యూట్‌లో @స్ట్రింగ్/డిన్నర్_టైటిల్ అని రాస్తే సరిపోతుంది, కోడ్ అవసరమే లేదు. ప్రివ్యూలో ఉత్తుత్తి మాట చూడాలంటే టూల్స్:టెక్స్ట్ వాడండి, అది అసలు యాప్‌లోకి వెళ్లదు. యాక్టివిటీలో, అంటే ఒక స్క్రీన్‌ని నడిపే క్లాస్‌లో, గెట్‌స్ట్రింగ్ నేరుగా దొరుకుతుంది, ఎందుకంటే రిసోర్సుల్ని అందించేది కాంటెక్స్ట్, యాక్టివిటీ కూడా ఒక కాంటెక్స్టే. లిస్ట్ అడాప్టర్‌లో ఐటమ్‌వ్యూ దగ్గరున్న కాంటెక్స్ట్ తీసుకోండి, అడాప్టర్‌కి విడిగా కాంటెక్స్ట్ పంపించే పని లేదు. బోల్డ్, ఇటాలిక్ ట్యాగులు పెట్టిన మాట అయితే గెట్‌స్ట్రింగ్ ఆ అలంకారం తీసేస్తుంది, గెట్‌టెక్స్ట్ ఉంచుతుంది.

ఫ్రాగ్మెంట్‌లో, అంటే యాక్టివిటీ లోపల ఇమిడే స్క్రీన్ ముక్కలో, కూడా గెట్‌స్ట్రింగ్ ఉంటుంది కానీ అది ఫ్రాగ్మెంట్ తగులుకుని ఉన్న కాంటెక్స్ట్‌ని వాడుకుంటుంది. సర్వర్ నుంచి జవాబు వచ్చేలోపు యూజర్ వెనక్కి వెళ్లిపోతే ఫ్రాగ్మెంట్ విడిపోయి ఉంటుంది. అప్పుడు ఆ జవాబు వచ్చాక గెట్‌స్ట్రింగ్ పిలిస్తే ఇల్లీగల్‌స్టేట్ ఎక్సెప్షన్. మన ఫోన్‌లో వైఫై మీద ఇది ఒక్కసారి కూడా రాదు. సిల్క్ బోర్డ్ దగ్గర బస్సులో నెట్ ఆగుతూ వస్తూ ఉన్నవాడికి వస్తుంది. జవాబు కోసం ఎదురుచూసే పనిని వ్యూ లైఫ్‌సైకిల్‌కి కట్టేస్తే వ్యూ పోగానే పని కూడా ఆగుతుంది, ఈ బాధ ఉండదు.

కంపోజ్‌లో, అంటే లేఅవుట్ ఫైల్ లేకుండా కాట్లిన్‌లోనే స్క్రీన్ రాసే పద్ధతిలో, స్ట్రింగ్‌రిసోర్స్ అనే ఫంక్షన్ ఉంది. అది కంపోజబుల్ ఫంక్షన్ లోపలే పనిచేస్తుంది, బటన్ ఆన్‌క్లిక్ లోపల పిలిస్తే కంపైలర్ ఒప్పుకోదు. కొత్తవాళ్లు అక్కడ ఆగిపోయి, చిరాకుతో మాటని కోట్లలో రాసేస్తారు. అవసరం లేదు, ఆన్‌క్లిక్‌కి పైన ఒక వ్యాల్‌లో స్ట్రింగ్‌రిసోర్స్‌తో మాట తీసుకుని లోపల ఆ వ్యాల్ వాడండి.

ఇక వ్యూమోడల్, అంటే స్క్రీన్‌కి కావాల్సిన డేటాని పట్టుకుని ఉండే క్లాస్. ఇంటర్వ్యూల్లో ఎక్కువగా అడిగేదీ, చాలామంది యాప్‌ల్లో తప్పుగా ఉండేదీ ఇదే. వ్యూమోడల్‌లో గెట్‌స్ట్రింగ్ రాదు, అందుకని ఆండ్రాయిడ్‌వ్యూమోడల్ తీసుకుని అప్లికేషన్ కాంటెక్స్ట్‌తో మాటలు లాగేస్తుంటారు. పనిచేస్తుంది కూడా, యూజర్ భాష మార్చేదాకా. భాష మార్చగానే యాక్టివిటీ పోయి కొత్తది పుడుతుంది, వ్యూమోడల్ మాత్రం అలాగే బతికి ఉంటుంది. అందులో ముందే మాటగా మార్చి దాచిన సందేశం పాత భాషలోనే మిగులుతుంది. స్క్రీన్ అంతా కన్నడం, మధ్యలో ఒక్క ఎర్రర్ సందేశం ఇంగ్లీషు. వ్యూమోడల్ నుంచి ఐడీని మాత్రమే బయటకి పంపితే ఈ సమస్యే పుట్టదు. ఆ ఇంట్ ముందు @స్ట్రింగ్‌రెస్ అని తగిలిస్తే, పొరపాటున మామూలు అంకె పంపినప్పుడు కోడ్‌లో తప్పులు వెతికే లింట్ అనే టూల్ పట్టుకుంటుంది. సందేశంలో పేరో, డబ్బో కలపాల్సి వస్తే ఐడీనీ ఆ విలువలనీ కలిపి ఒక చిన్న డేటా క్లాస్‌లో పెట్టి పంపండి, స్క్రీన్ దగ్గర విప్పుకోండి. సర్వర్ నుంచే మాట వచ్చే సందర్భం కూడా ఉంటుంది కాబట్టి ఒక సీల్డ్ క్లాస్ పెట్టి, ఒక రకం ఐడీతో, ఇంకో రకం నేరు మాటతో ఉంచితే రెండూ ఒకే దారిలో వెళ్తాయి. ఇరవై లైన్ల పని.

పేరుతో వెతికే గెట్‌ఐడెంటిఫయర్ జోలికి మాత్రం పోకండి. తమ్ముడు వారం మెనూ కోసం మెనూ_ అనే మాటకి రోజు పేరు అతికించి దాంతో వెతికాడు. అది నెమ్మది. పైగా రిలీజ్ బిల్డ్‌లో వాడని రిసోర్సుల్ని తీసేసే ష్రింకర్‌కి ఈ పేర్లు వాడుతున్నట్టు తెలియకపోతే ఆ స్ట్రింగ్స్ కాస్తా ఎగిరిపోవచ్చు. ఏడు రోజులకి ఏ రోజుకి ఏ స్ట్రింగో చెప్పే ఏడు లైన్ల వెన్ రాయడం ఎంతసేపు?

ఇంకొకటి, యాప్‌ని బిల్డ్ చేసే ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8.0 నుంచి, ఒక మాడ్యూల్ (ప్రాజెక్టులో ఒక విడి భాగం) ఆర్ క్లాస్‌లో ఆ మాడ్యూల్ సొంత రిసోర్సులే ఉంటాయి. స్ట్రింగ్ లైబ్రరీ మాడ్యూల్‌లో ఉంటే ఆ లైబ్రరీ ఆర్‌నే ఇంపోర్ట్ చేసుకోవాలి. పాత ట్యుటోరియల్ చూసి చేసినవాళ్లకి ఎర్ర గీత వచ్చేది ఇందుకే.

పేరు, అంకె కలిపే చోట

మా పీజీలో మూడు భాషలు కావాలి. ఉండేవాళ్లం యాప్ ఇంగ్లీషులో వాడతాం, ఓనర్ ఆంటీది నెల్లూరు వైపు, ఆవిడకి తెలుగు. వంట చేసే అక్కది కోలారు వైపు పల్లె. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదువుకున్నది కన్నడంలో, కాబట్టి ఆమె చేతిలో ఫోన్ కన్నడంలో ఉండాలి. బెంగళూరులో ఏ యాప్ రాసినా ఈ పరిస్థితి వస్తుంది, అందుకే దీన్ని చివర్లో చూద్దాం అని వదిలేయకండి.

వాక్యాన్ని ముక్కలు చేసి ప్లస్ గుర్తుతో కలపడం మొదట మానండి. రవి మార్చి నెలకి 6,500 రూపాయలు కట్టాడు అనే సందేశం తీసుకోండి. ఇంగ్లీషులో ముందు మనిషి, తర్వాత కట్టడం, తర్వాత డబ్బు, చివర నెల. తెలుగులో క్రియ చివరికి పోతుంది. ముక్కలుగా దాస్తే ఏ భాషలో ఏ ముక్క ముందు రావాలో కోడ్‌లో రాయాల్సి వస్తుంది. మొత్తం వాక్యం ఒకే స్ట్రింగ్‌గా పెట్టి ఖాళీల చోట %1$ఎస్, %2$ఎస్, %3$ఎస్ పెట్టండి. తెలుగు ఫైల్లో %3$ఎస్ ముందుకి రావచ్చు, %2$ఎస్ వెనక్కి పోవచ్చు, కోడ్ మారదు, ఎందుకంటే ఆ అంకె ఎన్నో ఆర్గ్యుమెంటో చెబుతోంది. కోడ్‌లో గెట్‌స్ట్రింగ్‌కి ఐడీ తర్వాత అవే వరుసలో విలువలు ఇస్తారు. ఇలా ఖాళీలున్న స్ట్రింగ్‌లో నిజంగా పర్సెంట్ గుర్తు కావాలంటే, 10% తగ్గింపు లాంటిది, రెండు పర్సెంట్లు రాయాలి. లేకపోతే ఫార్మాట్ చేసేటప్పుడు క్రాష్ అవుతుంది.

ఇక్కడి నుంచి చెప్పేది డాక్యుమెంటేషన్‌లో దొరకదు, ఎందుకంటే ఇది మన భాష విషయం. తెలుగు ఫైల్లో తమ్ముడు %1$ఎస్‌కి రసీదు పంపాం అని రాశాడు. రవికి బాగుంది. సీత వచ్చేసరికి సీతకి అయింది. మాట్లాడేటప్పుడు చాలామంది అలాగే అంటారు, కానీ రాతలో ఇకారం మీద కి, మిగతా చోట్ల కు. రవిని, సీతను కూడా అంతే. పేరు ఎలా ముగుస్తుందో యాప్‌కి ముందు తెలియదు కదా. దీనికి నాకు తోచిన చక్కని దారి %1$ఎస్ గారికి అని రాయడం. విభక్తి పేరుకి తగలకుండా గారుకి తగులుతుంది, ఏ పేరు వచ్చినా తప్పు రాదు, మర్యాద కూడా ఉంటుంది. ఓనర్ ఆంటీకి కూడా అదే నచ్చింది.

గారు పెట్టలేని చోట, అంటే ఊరి పేరో వస్తువు పేరో వచ్చే చోట, ఇంకో చిక్కు ఉంది. పేరు పొల్లు అక్షరంతో ముగిసి, వెంటనే మన స్ట్రింగ్‌లో కు ఉంటే, రెండూ అతుక్కుని ఒత్తుగా మారిపోతాయి. బీదర్, కు విడివిడిగా కనిపించాల్సింది ర కింద క ఒత్తుతో బీదర్కు అవుతుంది. ఖాళీకి, ప్రత్యయానికి మధ్య బ్యాక్‌స్లాష్ యూ 200సి పెట్టండి. అది కంటికి కనిపించని అక్షరం, రెండు అక్షరాల్నీ కలవనివ్వదు. అచ్చుతో ముగిసే పేర్ల దగ్గర దాని వల్ల ఏ మార్పూ ఉండదు కాబట్టి ఎప్పుడూ పెట్టి ఉంచొచ్చు.

ఒకరు, పది మంది, సున్నా

ఇప్పుడు సంక్రాంతి సంగతి. పండక్కి బస్సు టికెట్లు దొరికినవాళ్లందరూ ఊళ్లకి వెళ్లిపోయారు, పీజీ మొత్తం ఖాళీ. నేను నెల్లూరు దాటి బస్సులో ఉన్నాను. ఆ రాత్రి అక్క ఫోన్‌లో యాప్ ఒబ్బరు బరుత్తారె అని చూపించింది, అంటే ఒకరు వస్తున్నారు అని. నిజానికి లెక్క సున్నా. అక్క ఆ ఒక్కరి కోసం వండి, తొమ్మిదిన్నర దాకా ఎదురు చూసింది. మర్నాడు ఆ సంగతి తెలిసి తమ్ముడు చాలా బాధపడ్డాడు, నేనూ అంతే, ఎందుకంటే ఆ కోడ్ చూసి బాగుందన్నది నేనే.

జరిగింది ఇది. సంఖ్యని బట్టి మాట మారే చోట ప్లూరల్స్ అనే రిసోర్స్ వాడతాం. అందులో జీరో, వన్, టూ, ఫ్యూ, మెనీ, అదర్ అనే ఆరు గదులుంటాయి, భాషని బట్టి వాటిలో కొన్నే పనిచేస్తాయి. ఇంగ్లీషు, తెలుగు, తమిళం, మలయాళాల్లో వన్, అదర్ రెండే, అందులోనూ 1 మాత్రమే వన్‌లోకి వస్తుంది, 0 అదర్‌లోకి పోతుంది. కన్నడంలో కూడా ఆ రెండే, కానీ 0 కూడా వన్‌లోకే వస్తుంది. హిందీ, గుజరాతీ, బెంగాలీ కూడా అంతే. మేము వన్ గదిలో అంకె పెట్టకుండా ఒబ్బరు అని మాటలో రాసేశాం. సున్నా వచ్చినప్పుడు సిస్టమ్ తన నియమం ప్రకారం వన్ గదిలోది తీసుకుంది, ఒకరు వస్తున్నారని చూపించింది. తెలుగులో, ఇంగ్లీషులో ఎంత పరీక్షించినా ఈ తప్పు బయటపడదు.

కాబట్టి వన్ గదిలో కూడా అంకె కోసం %1$డి పెట్టండి. సున్నాకి వేరే మాట కావాలంటే ప్లూరల్స్‌లోని జీరో గదిలో రాసి నమ్ముకోకండి, ఈ భాషలేవీ ఆ గదిని చూడవు. కోడ్‌లోనే ముందు సున్నానా అని అడిగి, అవునంటే ఈ రాత్రి ఎవరూ తినడం లేదు అనే విడి స్ట్రింగ్ చూపించండి. పిలిచేటప్పుడు గెట్‌క్వాంటిటీస్ట్రింగ్‌కి ఐడీ తర్వాత లెక్కని రెండుసార్లు ఇవ్వాలి. మొదటిది ఏ గది అని ఎంచుకోవడానికి, రెండోది వాక్యంలో అంకెగా కూర్చోవడానికి. ఒక్కసారే ఇచ్చి, అంకె రావాల్సిన చోట %1$డి అనే చూసుకున్నవాళ్లు చాలామంది. కంపోజ్‌లో ప్లూరల్‌స్ట్రింగ్‌రిసోర్స్‌కీ ఇదే పద్ధతి.

తెలుగులో ఇంకో చిన్న మాట. మనుషులకి మంది, వస్తువులకి కేవలం సంఖ్య. 14 మంది, 14 ప్లేట్లు. అందుకే లెక్కలన్నిటికీ ఒకే ప్లూరల్ పెట్టి పేరు మాత్రం ఖాళీలో నింపుదాం అనే ఆలోచన తెలుగులో నిలబడదు. ఒక్కో దానికీ ఒక్కో ప్లూరల్ రాయండి.

భాషల ఫోల్డర్లు, ప్లే స్టోర్ దగ్గర దెబ్బ

తెలుగుకి వ్యాల్యూస్-టీఈ, కన్నడానికి వ్యాల్యూస్-కేఎన్, తమిళానికి వ్యాల్యూస్-టీఏ అని ఫోల్డర్లు చేసి ఒక్కోదాంట్లో స్ట్రింగ్స్.ఎక్స్‌ఎంఎల్ పెట్టడమే. తెలుగు ఫైల్లో ఒక మాట లేకపోతే మామూలు వ్యాల్యూస్ ఫోల్డర్‌లోది చూపిస్తుంది, ప్రమాదం లేదు. తిరగబడితేనే ప్రమాదం. తెలుగు ఫైల్లోనే రాసి మామూలు దాంట్లో మర్చిపోతే, హిందీ ఫోన్ ఉన్నవాడికి చూపించడానికి ఏ మాటా మిగలదు. లింట్ దీన్ని ఎక్స్‌ట్రా ట్రాన్స్‌లేషన్ అని చెబుతుంది, ఆ హెచ్చరికని ఎప్పుడూ నొక్కేయకండి. యాప్ పేరు, లింకుల లాంటివి అనువదించనక్కర్లేదు, వాటికి ట్రాన్స్‌లేటబుల్ ఫాల్స్ పెట్టండి.

ఫైల్లో రాసేటప్పుడు అపాస్ట్రఫీ ముందు బ్యాక్‌స్లాష్ కావాలి, ఆంపర్‌శాండ్‌నీ, లెస్ దేన్ గుర్తునీ ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో రాయాలి, మొదటి అక్షరం @ గానీ ప్రశ్నార్థకం గానీ అయితే దానికీ బ్యాక్‌స్లాష్. మాట చివర ఖాళీ వదిలితే అది పోతుంది, ఉండాల్సిందే అంటే మొత్తాన్ని డబుల్ కోట్లలో పెట్టండి. అయినా చివర ఖాళీ కావాల్సి వచ్చిందంటే ఎక్కడో వాక్యాన్ని ముక్కలు చేస్తున్నట్టే, ముందు అది చూసుకోండి.

యాప్ లోపలే భాష ఎంచుకునే బటన్ పెట్టాలంటే యాప్‌కంపాట్ లైబ్రరీ 1.6.0 నుంచి సెట్‌అప్లికేషన్‌లోకేల్స్ ఉంది, 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి ఫోన్ సెట్టింగ్స్‌లోనే యాప్‌కి విడిగా భాష పెట్టుకోవచ్చు. ఆ జాబితాలో మన యాప్ కనిపించాలంటే ఏ భాషలున్నాయో చెప్పే లోకేల్ కాన్ఫిగ్ ఫైల్ ఇవ్వాలి, గ్రేడిల్ ప్లగిన్ 8.1 నుంచి అది తనే తయారు చేయగలదు. పాత ఫోన్లలో, అంటే ఆండ్రాయిడ్ 12, అంతకు ముందు వాటిలో, యాప్‌కంపాట్ చేసే మార్పు యాక్టివిటీల వరకే అందుతుంది. సర్వీస్ నుంచి వేసే నోటిఫికేషన్ అప్లికేషన్ కాంటెక్స్ట్‌తో మాట తీస్తే ఫోన్ భాషలోనే వస్తుంది. అలాంటి చోట కాంటెక్స్ట్‌కంపాట్‌లోని గెట్‌స్ట్రింగ్ వాడండి.

ఇప్పుడు దెబ్బ. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక చోట భాష బటన్ పెట్టాం, ఆఫీసులో అందరి ఫోన్లలో చక్కగా మారింది, రిలీజ్ చేశాం. రెండు రోజుల్లో ఫిర్యాదులు, కన్నడం నొక్కినా ఇంగ్లీషే ఉంటోందని. మా ఎవరి ఫోన్‌లోనూ రాదు. రెండు రాత్రులు టెన్షన్‌తో కూర్చున్నాక తెలిసింది. 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్‌లో కొత్త యాప్‌లన్నీ యాప్ బండిల్‌గానే, అంటే అన్ని భాషలూ ఉన్న ఒకే మూటగా, ఇవ్వాలి. బండిల్ నుంచి ప్లే స్టోర్ ఒక్కో ఫోన్‌కి దాని సెట్టింగ్స్‌లో ఉన్న భాషల స్ట్రింగ్స్ మాత్రమే పంపుతుంది. ఫోన్ ఇంగ్లీషులో ఉన్నవాళ్లకి మన కన్నడం ఫైల్ అసలు దిగలేదు. మనం ఆండ్రాయిడ్ స్టూడియో నుంచి వేసుకున్న దాంట్లో అన్నీ ఉంటాయి కాబట్టి మనకి ఎప్పటికీ కనిపించదు. గ్రేడిల్ ఫైల్లో బండిల్ అనే భాగంలో, లాంగ్వేజ్ కింద ఎనేబుల్‌స్ప్లిట్ ఫాల్స్ అని పెడితే అన్ని భాషలూ అందరికీ వెళ్తాయి. యాప్ సైజు కొంచెం పెరుగుతుంది, నాలుగైదు భాషల మాటలకి అది లెక్కలోది కాదు. భాష బటన్ పెట్టిన రోజే ఈ లైన్ కూడా పెట్టండి, ప్లే స్టోర్ ఇంటర్నల్ టెస్టింగ్ ట్రాక్ నుంచి దించుకుని చూసేదాకా ఆ పని అయిపోయిందని అనుకోకండి.

మాట తెర మీదకి వచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. తెలుగుకి పైన గుడులు, కింద ఒత్తులు. టెక్స్ట్‌వ్యూకి ఎత్తు 20 డీపీ అని గట్టిగా కట్టేస్తే ఇంగ్లీషు పడుతుంది, భోజనం పడుతుంది, స్త్రీలు అన్న మాట కింద భాగం తెగిపోతుంది. ఎత్తు ఎప్పుడూ ర్యాప్ కంటెంట్ ఉంచండి, ఫాంట్ ప్యాడింగ్ తీసేసే ఆట్రిబ్యూట్ జోలికి వెళ్లకండి. ఆండ్రాయిడ్ 15ని టార్గెట్ చేసే యాప్‌ల్లో ఎలిగెంట్ టెక్స్ట్ హైట్ అనేది దానంతట అదే ఆన్ అవుతుంది. తెలుగు, కన్నడం, తమిళం లాంటి లిపులకి ఎక్కువ ఎత్తు దొరుకుతుంది, చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ గట్టిగా కట్టిన ఎత్తులున్న స్క్రీన్లు అప్పుడు ఇంకా ఎక్కువ తెగుతాయి.

అనువాదం ఎవరు చేసినా వాళ్లకి సందర్భం చెప్పండి. ఓపెన్ అనే ఒక్క మాట మెస్ తెరిచి ఉంది అని చెప్పడానికీ, ఫైల్ తెరవండి అని చెప్పడానికీ ఇంగ్లీషులో సరిపోతుంది, తెలుగులో అవి రెండు వేరు మాటలు. అందుకే ఇంగ్లీషు ఒకటే కదా అని రెండు చోట్లా ఒకే స్ట్రింగ్ వాడకండి. మెస్_స్టేటస్_ఓపెన్, ఫైల్_యాక్షన్_ఓపెన్ అని చోటు తెలిసేలా రెండు పేర్లు పెట్టి, పైన ఒక కామెంట్ రాయండి. బటన్ల మీద ఆజ్ఞలు మర్యాదగా ఉండాలి, సేవ్ చేయి కాదు సేవ్ చేయండి. సబ్మిట్‌కి సమర్పించు అని మెషీన్ ఇస్తుంది, అది గుడిలో కొబ్బరికాయకి సరిపోయే మాట, పంపండి అంటే చాలు.

సంక్రాంతి తర్వాత తమ్ముడు కన్నడం ఫోన్‌లో 0, 1, 2, 14 నాలుగు లెక్కలూ పెట్టి చూపించి, అక్క చేతికే ఫోన్ ఇచ్చి చదవమన్నాడు. అంతా చదివి, పైన ఉన్న భోజన అనే మాట దగ్గర ఆగి, "ఇది పెళ్లిలో రాసే మాట కదా తమ్ముడూ, మేము ఊట అనే అంటాం" అంది. వాడు అక్కడే కూర్చుని కన్నడం స్ట్రింగ్స్ ఫైల్లో ఆ ఒక్క లైన్ మార్చి, బిల్డ్ కొట్టి, ఆమె ఫోన్‌లో వేసి ఇచ్చాడు. కాట్లిన్ ఫైల్ ఒక్కటి కూడా తెరవలేదు.